తమ్ముడి కోసం రాసిన అర్జీలు

ఆగస్టు 4

చిన్నీకి,

మొన్న మంగళవారం పొద్దున సంగతి ముందు రాస్తాను. అందులో విశేషమేమీ లేదు. అందుకే రాస్తున్నాను.

తమ్ముడు నాకంటే ముందే లేచాడు. బూట్లు తొడుక్కుని, కాళ్ళు నా ముందు చాపాడు. లేసులు కట్టాను. సంచి భుజానికి తగిలించుకుని వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు. నేను ప్రార్థనకు కూర్చున్నాను. సగంలో ఉండగా కిటికీలోంచి తల పెట్టి, "అక్కా, వ్యానొచ్చిందా?" అన్నాడు. వాకిట్లో కూర్చున్నవాడు, లోపల కళ్ళు మూసుకున్నదాన్ని అడుగుతాడు. రాలేదని చెప్పి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్ళీ తల పెట్టాడు. దేవుడు ఈ ఇంటి నుంచి పూర్తి ప్రార్థన విని ఎన్నాళ్ళయిందో. మీ బావ గడ్డం గీసుకుంటూ నవ్వారు.

వ్యానొచ్చింది. ముందు సీటు వాడిది. ఎక్కగానే వెనక్కి తిరిగి అందరూ బెల్టులు పెట్టుకున్నారో లేదో చూశాడు. వాడు చూసేదాకా డ్రైవరు బండి కదపడు. వాడికి గార్డుగారని పేరు పెట్టాడు. పనిశాలలో పగలంతా అట్టపెట్టెలు మడుస్తాడు, సాయంత్రం వచ్చి ఆ పెట్టెల గురించి చెబుతాడు. రోజూ ఒకటే కథ. రోజూ వింటాం.

ఆ మధ్యాహ్నం సంక్షేమ కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. "పగటిపూట ఇంట్లో చేతనైన పెద్దవారు ఉన్న పక్షంలో" వచ్చే నెల నుంచి వ్యాను రాదట. ఆ చేతనైన పెద్దవారు నేనే. నా మోకాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. పనిశాల ఊరికి ఆ చివర. తల నెరుస్తున్నా వాడు ఒక్కడే వీధి దాటలేడని నీకు తెలుసు. మీ బావ పొద్దున్నే గడియారాల కొట్టు తెరవాలి.

నువ్వు సోషల్ వర్క్ కాలేజీలో చెప్పేది ఇలాంటి పాలసీలే కదా. దీని అర్థమేమిటి, మేమేం చేయాలి? రెండు ముక్కల్లో రాయి. ఫోను చేయకు. వాడే ఎత్తుతాడు. వాడికింకా చెప్పలేదు.

మీ అక్క


ఆగస్టు 9

అక్కా,

రెండు ముక్కల్లో రాయమన్నావు. ఏదైనా రెండు ముక్కల్లో చెప్పడం చేతనైతే నా ఉద్యోగానికి ఈ గతి పట్టేది కాదు.

నా పేపరు మధ్యాహ్నం భోజనం తర్వాత మొదటి గంట. బోర్డు మీద చట్టం పేరు రాసి ఇటు తిరిగేలోపు ముందు వరుస కళ్ళు మూతలు పడతాయి. నిన్న ఒకబ్బాయి లేచి, "మేడమ్, మేం మనుషులకు సాయం చేద్దామని ఈ చదువులోకి వచ్చాం. ఈ చట్టాల గొడవ మాకెందుకు?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు, అందుకే ఇంకా మండింది. కౌన్సెలింగ్ క్లాసులో కుర్చీలు చాలవు. అక్కడ చేతులు పట్టుకుని ఏడుస్తారట. నా క్లాసులో ఏడిచేది నేనొక్కదాన్నే.

హెడ్డుగారు పిలిచి, పిల్లలు నాకిచ్చిన మార్కులు చూపించారు. "ఈ ఏడాదీ ఇలాగే ఉంటే మీ పేపరు ఎత్తేసి, ఇంకో పేపరులో రెండు పాఠాలుగా కలిపేద్దాం మేడమ్. మీకు అడ్మిషన్ల గది హాయిగా ఉంటుంది," అన్నారు. అడ్మిషన్ల గదికి కిటికీ కూడా లేదు. నేనేమో రాత్రంతా ఆలోచించి కొత్త స్లైడ్లు చేశాను. అవి చూసి ఇంకా త్వరగా నిద్రపోయారు.

సరే, నీ కాగితం. ఇది అర్థం కావాలంటే ఇంటివాళ్ళు చూసుకోవాలా, సర్కారు చూసుకోవాలా అన్న తగాదా ఎక్కడ మొదలైందో ముందు తెలియాలి. రెండో కాగితం, మూడో కాగితం నిండా అదే రాశాను. జాగ్రత్తగా చదువు.

ఇంకో మాట. నీ ఉత్తరంలో ఆ మంగళవారం ముక్క క్లాసులో చదవనా? పేర్లు చెప్పను. వద్దనుకుంటే రాయి.

ఎప్పటిలా ఎక్కువ రాసేసిన
నీ చెల్లి


ఆగస్టు 14

చిన్నీ,

నీ కాగితాలు మీ బావ పైకి చదివారు. రెండో దాంట్లో నిద్రపోయారు. పాపం, మీ పిల్లల్ని తిట్టకు.

మూడోది నేనే చదువుకున్నాను. తగాదా ఎక్కడ మొదలైందో తెలిసింది. వ్యాను వస్తుందో రాదో తెలియలేదు.

డ్రైవరు నోరు జారాడు. తమ్ముడు ఇంటికొచ్చి, "వచ్చే నెల వ్యాను చెడిపోతుందా?" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. నా వెనకే వచ్చి మళ్ళీ అడిగాడు.

ఒక్క ముక్క రాయి. నీ ఆరోగ్యం చూసుకో.

అక్క


ఆగస్టు 26

అక్కా,

ముందు నీ ఒక్క ముక్క. రూలు ప్రకారం రాదు. కానీ కార్యాలయానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ పని అయిపోయింది. ఎలాగో చదువు, సంతోషిస్తావు.

నువ్వు వద్దని రాయలేదు కాబట్టి ఆ మంగళవారం ముక్క క్లాసులో చదివాను. పేర్లు లేవు. అన్నయ్య కిటికీలోంచి తల పెట్టే చోట నవ్వారు. తర్వాత కార్యాలయం రాసిన వాక్యం చదివాను. నవ్వు ఆగిపోయింది. వెనక బెంచీలో ఒకమ్మాయి ఉంది, ఇన్నాళ్ళూ గొంతు కూడా వినలేదు. "చేతనైనవాళ్ళో కాదో ఎవరు తేలుస్తారు మేడమ్?" అంది. ఆ మర్యాదస్తుడైన అబ్బాయి, "ఆవిడ ఇంట్లోనే ఉంటుంది కదా, దింపితే ఏం?" అన్నాడు. ఆ అమ్మాయి వాడి మీద పడింది. "ఇంట్లో ఉంటే ఖాళీగా ఉన్నట్టా? మీ అమ్మని అడుగు." గంట కొట్టినా ఎవరూ లేవలేదు. పక్క క్లాసు మాస్టారు తలుపు కొట్టి, "ఏమిటీ గొడవ?" అన్నాడు. నా క్లాసులో గొడవ. ఆయనకు థాంక్స్ చెప్పాను, వెర్రిగా చూశాడు.

ఇన్నాళ్ళూ నేను పైనుంచి మొదలుపెట్టాను, చట్టం, కమిటీ, నివేదిక. ఆఖరికి మనిషి దాకా వచ్చేసరికి గంట అయిపోయేది. ఇప్పుడు మెట్టు మీద కూర్చున్న మనిషి దగ్గర మొదలుపెడితే, చట్టం ఎక్కడుందని వాళ్ళే వెతుక్కుంటూ వెళ్ళారు. లైబ్రరీలో ఆ రూలు పుస్తకం కోసం కొట్టుకున్నారట.

అందుకే ఆ ఇంటి తరఫున అందర్నీ తలో అర్జీ రాయమన్నాను. పోస్టు చేయని అర్జీ రాయడం ఉత్త డ్రిల్లు కదా, పంపించెయ్యమన్నాను. అసలైనదిగా ఉండాలని పనిశాల పేరూ మీ వీధి పేరూ ఇచ్చాను. మనిషి పేరు మాత్రం ఇవ్వలేదు, ఆ విషయంలో గట్టిగా ఉన్నాను.

హెడ్డుగారు వరండాలో ఎదురై, "క్లాసు బాగుందట," అన్నారు.

గర్వంగా,
నీ చెల్లి


సెప్టెంబరు 5

చిన్నీ,

ఆ పనిశాలకు మా వీధి నుంచి వెళ్ళేది తమ్ముడొక్కడే. పేరు ఇవ్వనందుకు సంతోషం.

నిన్న ఆఫీసరు వచ్చాడు. చేతిలో మీ పిల్లల అర్జీల కట్ట. నన్ను పైకీ కిందికీ చూసి, "మీరు బాగానే నడుస్తున్నారే," అన్నాడు. ఎందుకలా అన్నాడో తర్వాత తెలిసింది. ఒక అర్జీలో నాకు పక్షవాతం. ఒకదాంట్లో నాకు చూపు లేదు. ఒకదాంట్లో మీ బావ తాగొచ్చి అందర్నీ కొడతారు. ఇంకొకదాంట్లో నేను పోయాను, తమ్ముడు ఒంటరిగా పస్తులుంటున్నాడు. మీ బావ ఆ కాగితం ఇంకోసారి చదవమన్నారు.

ఆఫీసరు నవ్వలేదు. ఒక మనిషి గురించి ఇన్ని మాటలు ఒకదానికొకటి పొసగకుండా వస్తే, అసలు ఈ మనిషికి పనిశాలలో చోటు ఏ వివరాల మీద ఇచ్చారో చూడాలన్నాడు. విచారణ తేలేవరకు చోటు నిలిపేశారు. ఒకటో తారీకు నుంచి వ్యాను ఆగింది, ఈ నాలుగు రోజులూ ఎలాగో మీ బావే దింపి వచ్చారు. ఇప్పుడు పని కూడా పోయింది.

తమ్ముడు పొద్దున బూట్లు తొడుక్కుని మెట్టు మీద కూర్చున్నాడు. ఈ రోజు లేదన్నాను. "రేపు?" అన్నాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు. ఇంట్లో ఉన్న చెప్పుల పెట్టెలన్నీ విప్పి మళ్ళీ మడిచాడు.

క్లాసులో చదవనా అని అడిగావు. నేను జవాబు రాయలేదు. నాకు ఇష్టం లేనప్పుడు మాట్లాడనని మన ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

మీ బావ అడగమన్నారు. మీ చెల్లి పాఠం చెబితేనే ఆఫీసరు వచ్చాడు, ఇక పరీక్ష పెడితే ఎవరొస్తారు?

అక్క


సెప్టెంబరు 9

అక్కా,

పిల్లికి తెలుసేమో. పిల్లినే పంపించు, క్లాసు చెబుతుంది.

వద్దనుకుంటే రాయమని స్పష్టంగా రాశాను. నువ్వు రాయలేదు. చిన్నప్పుడూ అంతే. నీకు కోపం వస్తే ప్రార్థన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేదానివి. బయట నేను ఏం తప్పు చేశానో నేనే ఊహించుకోవాలి. ఊహించి ఊహించి నాకు విసుగొచ్చింది. నీ మౌనం చదవడానికి నాకేం పుస్తకం ఇచ్చారా?

ఇది రాసి రెండు గంటలు బల్ల మీద పెట్టాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

తప్పు నాదే. అన్నయ్య మెట్టు మీద కూర్చున్నాడన్న చోట ఇంక చదవలేకపోయాను.

పొద్దున క్లాసులో అర్జీల సంగతి అడిగాను. అబద్ధాలు ఎందుకు రాశారంటే, "కేసు బలంగా లేదు మేడమ్, కొంచెం బలపరిచాం," అన్నారు. నిన్ను చంపినవాడు ఆ మర్యాదస్తుడే. "చచ్చిపోతే ఇక చేతనైనవాళ్ళు ఇంట్లో లేనట్టే కదా మేడమ్, రూలు అక్కడే తెగిపోతుంది," అన్నాడు. రూలు వాడికి నాకంటే బాగా వచ్చింది. నేను నేర్పింది అదే. ఆ మనిషిని ఒక్క మాట అడిగి రాయాలని మాత్రం నేర్పలేదు. నేనే అడగలేదు, వాళ్ళకేం చెబుతాను. నువ్వు ఒప్పుకున్నావా లేదా అనే చూసుకున్నాను గాని, అన్నయ్య సంగతే తట్టలేదు.

కార్యాలయం కాలేజీకి కూడా రాసింది. హెడ్డుగారు కోపంతో ఎర్రగా ఉన్నారు.

నాకో దారి తోచింది. అర్జీలు రాసిన ప్రతి ఒక్కరి చేత, నేను రాసింది తప్పు అని తలో ఉత్తరం రాయించి పంపిస్తాను. ఏమంటావు? ఈసారి దయచేసి జవాబు రాయి.

నీ చెల్లి


సెప్టెంబరు 13

చిన్నీ,

ఇంకో కట్టా? వద్దు.

ఇది వద్దని రాసిన ఉత్తరం. అడిగావు కదా, దాచుకో.

నిన్న పొద్దున నేను కళ్ళు మూసుకుని ఉండగా తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి ఎవరూ పిలవకపోయేసరికి కళ్ళు తెరిచాను. మెట్టు ఖాళీ. మీ బావ కొట్టు మూసి ఒకవైపు, నేను ఒకవైపు. ఆ డ్రైవరు పెద్ద రోడ్డు మీద చూసి ఆపాడట. వాడు రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నాడు, ఎప్పటి నుంచి నిలబడ్డాడో ఎవరికీ తెలియదు. బండ్లు ఆగడం లేదని వాటిని తిడుతున్నాడట. బండిలో వేసుకుని ఇంటికి తెచ్చి దింపాడు. రూలుకు విరుద్ధం. ఎవరికీ చెప్పకండమ్మా అన్నాడు.

అప్పటి నుంచి తలుపు గొళ్ళెం పెట్టి ప్రార్థన చేస్తున్నాను. అలా చేసే ప్రార్థన నాకు రుచించడం లేదు.

విచారణ ఇరవై ఒకటిన. అర్జీలు రాసినవాళ్ళు ఎదురుగా వచ్చి చెబితే తప్ప ఆ కట్టను పక్కన పెట్టలేనన్నాడు ఆఫీసరు. నువ్వు రా. వాళ్ళనూ తీసుకురా. ఎవరు రాయమన్నారని అడుగుతాడు. చెప్పాల్సి ఉంటుంది. నీ ఉద్యోగం సంగతి నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

అక్క


సెప్టెంబరు 17

అక్కా,

వస్తున్నాను.

హెడ్డుగారు వద్దన్నారు. "పిల్లలు అత్యుత్సాహంతో రాశారని ఒక ముక్క పంపిస్తే సరిపోతుంది. మీరు చెప్పి రాయించారని సంతకం పెట్టారంటే మీ పేపరు నేను కాపాడలేను మేడమ్," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే నాకు మంచి చేస్తున్నాననుకున్నారు. ఒప్పుకుందామని ఒక పూటంతా అనిపించింది కూడా. కానీ ఆ ముక్క పంపించి మర్నాడు అదే క్లాసుకు వెళ్ళి, ఒక నిర్ణయానికి ఎవరు జవాబుదారీ అని ఏ మొహంతో అడగను? ముందు బెంచీ నిద్రపోతేనే నయం అప్పుడు.

పిల్లల్లో సగం మంది రారట. కొందరి ఇళ్ళలో ఒప్పుకోలేదు. నిన్ను చంపినవాడు వస్తానన్నాడు. రెండు రోజులుగా తిండి తినడం లేదని వాళ్ళ హాస్టల్లో చెప్పారు. ఆవిడ కాళ్ళ మీద పడాలా మేడమ్ అని అడిగాడు. అక్కర్లేదు, నిలబడి నిజం చెప్పు చాలన్నాను. ఆ వెనక బెంచీ అమ్మాయి వస్తోంది. రూలు పుస్తకం లైబ్రరీ నుంచి మళ్ళీ తెచ్చుకుంది. ఎందుకని అడిగితే, ఇంకా చివరి దాకా చదవలేదంది.

అన్నయ్య నాతో మాట్లాడతాడా?

చిన్ని


సెప్టెంబరు 22

చిన్నీకి,

నిన్న ఆఫీసరు నీ సంతకం తీసుకోవడానికి నిన్ను లోపల కూర్చోబెట్టుకున్నంతసేపు బయట జరిగింది నువ్వు చూడలేదు. మమ్మల్ని లోపలికి పిలిచినప్పుడు నిన్ను రానివ్వలేదు. సాయంత్రానికి నువ్వు బస్సెక్కావు. అన్నీ రాస్తున్నాను.

బయట వరండాలో బెంచీ మీద మీ పిల్లలు, మేం. నన్ను చంపినబ్బాయి నా ఎదురుగా నిలబడి నేల చూస్తున్నాడు. మీ బావ వాడితో, "నాయనా, నువ్వు రాసింది చదివాక ఈవిడ విలువ నాకు తెలిసొచ్చింది. కూర్చో," అన్నారు. వాడు ఏడ్చాడు. తమ్ముడు జరిగి చోటిచ్చాడు. "నువ్వేం పని చేస్తావ్?" అని అడిగాడు. చదువుకుంటున్నానన్నాడు. "పనికి పోవా?" అన్నాడు తమ్ముడు. అక్కడి నుంచి వాళ్ళు అడగడం, వాడు చెప్పడం. పెట్టె మూల ఎలా మడవాలి, ఏ రోజు అట్ట తడిగా వస్తుంది, వ్యానులో ఎవరి పక్కన ఎవరు కూర్చోరు. నీ క్లాసు ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఆ బెంచీ మీద మాత్రం ఎవరూ ఆవలించలేదు. ఆ గంటసేపూ నువ్వు అక్కడ లేవు. కోపం తెచ్చుకోకు.

వెనక బెంచీ అమ్మాయి గుమాస్తా బల్ల దగ్గర నిలబడి, "ఈ రూలు మార్చడం ఎవరి చేతిలో ఉంది?" అని అడుగుతోంది. అతను నాకు తెలియదంటాడు. మళ్ళీ అడుగుతుంది. టీ తాగి వస్తానన్నాడు. వచ్చేదాకా నిలబడింది.

లోపల ఆఫీసరు నన్ను, "ఈయనకు పనిశాల నిజంగా అవసరమా? ఇంట్లో బాగానే ఉన్నాడు కదా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అలవాటు ప్రకారం నోరు పెగల్లేదు. తమ్ముడు, "నాకు పనుంది. నేను రాకపోతే నా పెట్టెలు ఎవరు మడుస్తున్నారు?" అన్నాడు. ఆఫీసరు నావైపు చూశాడు. "నన్ను కాదు, వాణ్ణి అడగండి," అన్నాను. అడిగాడు. వాడు చాలాసేపు చెప్పాడు, రోజూ ఇంట్లో చెప్పేదే. మధ్యలో ఆఫీసరు కలం కింద పెట్టాడు.

సోమవారం నుంచి చోటు తిరిగి ఇచ్చారు. అర్జీల కట్టను పక్కన పెడుతున్నట్టు రాశాడు. "వ్యాను మాత్రం రూలమ్మా, నా చేతిలో లేదు," అన్నాడు. "ఎవరి చేతిలో ఉంది?" అన్నాను. ఆ అమ్మాయి నోట అన్నిసార్లు విన్నాక నాకూ వచ్చేసింది. రూళ్ళను తిరిగి చూడటానికి ఒక కమిటీ ఉందట. అందులో మాలాంటి ఇళ్ళవాళ్ళకు ఒక కుర్చీ ఉందట. ఎవరూ అడగలేదు గనుక ఖాళీగా ఉందట. బయటికొచ్చి చెబితే ఆ అమ్మాయి పుస్తకం తెరిచి చూపించింది. ఆఖరి పేజీల్లోనే ఉంది.

సాయంత్రం మీ బావ కొట్టు త్వరగా కట్టేశారు. ముగ్గురం కూర్చున్నాం. అనుకున్నవి ఇవి.

సోమవారం నుంచి తమ్ముణ్ణి పొద్దున మీ బావ సిటీ బస్సులో దింపుతారు. కొట్టు ఆలస్యంగా తెరుచుకుంటుంది. గడియారం చెడినవాళ్ళకు ఆలస్యం తెలియదులే అన్నారు. సాయంత్రం నేను తెస్తాను. మోకాళ్ళ సంగతి రోజూ చూసుకుందాం. వ్యాను మళ్ళీ వచ్చేదాకా అంతే.

కమిటీ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నది రెండోది. "మీ అక్కను పంపితే అక్కడ అందరూ కళ్ళు మూసుకుని కూర్చుంటారు," అన్నారు మీ బావ. నేను వెళ్తానన్నాను. పైకే అన్నాను. తమ్ముడు నాతో వస్తాడు. ఒక కుర్చీయే ఉంటే ఇంకోటి వేయమని అడుగుతాను.

మూడోది నీది. వచ్చే ఏడు కొత్త పిల్లలకు కూడా మా ఇంటి సంగతే పాఠంగా చెప్పుకోనా, ఈసారి సరిగ్గా అడుగుతున్నాను అక్కా, అని బస్సెక్కే ముందు అన్నావు. నీ పేపరు ఉంటుందో లేదో ఇంకా తెలియదు, అయినా అడిగావు. నేను ఒప్పుకుందామనే అనుకున్నాను. నిన్న ఆ పిల్లల్ని చూశాక మనసు మెత్తబడింది. కానీ నా ఒప్పుకోలు సరిపోదు కదా. అందుకని తమ్ముణ్ణి అడిగాను. నీ గురించి క్లాసులో చెబుతుంది చిన్ని, చెప్పనా అని అడుగుతోంది అన్నాను. వాడు ఆలోచించాడు. అన్నం తినడం పూర్తయ్యేదాకా ఆలోచించాడు. "వాళ్ళు కావాలంటే రమ్మను. మాట్లాడతా. నేను లేనప్పుడు నా గురించి చెప్పొద్దు," అన్నాడు.

కాబట్టి వద్దు. ఇది ముగ్గురం కలిసి తీసుకున్న నిర్ణయం. నీ ఓటు అడగలేదు, తెలియజేస్తున్నాం.

అక్క